గద్ద గూటి పేరు

రాజమహేంద్రవరం,
1886 నవంబరు 3.

మొగల్తూరులో ఉన్న మా రూతక్కకు, తమ్ముడు సామ్యేలు రాసేది.

ఇక్కడ ప్రసన్నకుమారికి జలుబు, పిల్లాడికి పళ్ళు వస్తున్నాయి, నాకు పని ఎక్కువైంది. అంతకుమించి రోగాలేమీ లేవు. బావగారికి నా దండాలు చెప్పు.

నేను పాలకొల్లు బడిలో పంతులు పని మానేసి ఫెల్టన్ దొరగారి దగ్గర మున్షీగా చేరి ఆర్నెల్లయింది. అప్పుడు నువ్వు పెట్టిన చీవాట్లు నేను మర్చిపోలేదులే. దొరగారు కచేరీ పని అయిపోయాక నిఘంటువు రాస్తున్నారు. పండితుల మాటలు ఆయనకి అక్కర్లేదు. పొలంలోనూ పడవలోనూ పొయ్యి దగ్గరా జనం ఆడే మాటలు కావాలి. ప్రతి మాట పక్కనా అది ఏ ఊరివాళ్ళు అన్నదో కూడా రాస్తారు. ఆయన ఇంగ్లీషు మాట చెప్పడం, దానికి నేను తెలుగు చెప్పడం, నచ్చకపోతే ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూడడం. రోజూ ఇదే వరస.

మొన్న 'ఏరీ' అనే మాట దగ్గర బండి ఆగిపోయింది. గద్దలూ డేగలూ ఎవరికీ అందనంత ఎత్తున కట్టుకునే గూటికి వాళ్ళ భాషలో అది పేరట. పిచ్చిక గూటికి ఆ మాట వాడరట. నేను గూడు అన్నాను. "పిచ్చికకీ గూడే, సాలీడుకీ గూడే, దీపం పెట్టుకునే గోడలోనూ గూడే. ఆకాశంలో కాపరం ఉండే పక్షికీ అదేనా? మీవాళ్ళు ఎప్పుడూ తల ఎత్తి చూడలేదా, సామ్యేలూ?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మీ ఊరు గుర్తొచ్చింది. సముద్రపొడ్డున బూరుగు చెట్టు మీద పెద్ద గద్ద గూడు ఉందని నువ్వే ఒకసారి రాశావు. అక్కడి పల్లెవాళ్ళు దాన్ని ఏమంటారో కనుక్కుని రాయి. ఇంకో పన్నెండు మాటలు వేరే కాగితం మీద రాసి జతచేశాను, వాటికీ జవాబులు కావాలి. సంక్రాంతి లోపల దొరగారు నా ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో తేలుతుంది. కాకినాడ కాలేజీలో చదివిన బంగార్రాజు అనే అతను ఇదే పని కోసం వారానికోసారి వచ్చి గుమ్మంలో నిలబడి వెళుతున్నాడు. నేను వదిలేసిన పాలకొల్లు పనిలో ఇప్పుడు వేరే పంతులున్నాడు. కాబట్టి నాకు వెనక్కి దారి లేదని నీకు వేరే చెప్పక్కర్లేదు.

నీ తమ్ముడు,
సామ్యేలు

*

మొగల్తూరు,
నవంబరు 14.

తమ్ముడు సామ్యేలుకు, రూతు రాసేది.

ప్రసన్నకుమారికి మిరియాల కషాయం పెట్టు. పిల్లాడి పళ్ళు వాటంతట అవే వస్తాయి.

నీ పన్నెండు మాటలకీ జవాబులు వెనక పేజీలో ఉన్నాయి. వాటికోసం నేను పల్లెలో ఇల్లిల్లూ తిరిగితే, "రూతమ్మకి వంటొండుకోవడం మానేసి ఈ పనేంటి?" అని నవ్వారు. నీ ఉద్యోగం కోసం నేను నవ్వులపాలయ్యాను, గుర్తుంచుకో.

గద్ద సంగతి. చెట్టు ఉంది, గూడూ ఉంది. బండి చక్రమంత ఉంటుంది, అన్నీ ఎండు పుల్లలే. ఏటా కార్తీకం వెళ్ళేసరికి ఆ రెండు గద్దలూ వచ్చి పాతదాని మీదే ఇంకో వరస పుల్లలు పేరుస్తాయి. బూరుగు ఆకు రాల్చేశాక అది సముద్రం మీద చాలా దూరానికి కనబడుతుంది. నావలవాళ్ళు దాన్ని చూసుకునే, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తిరుగుతారు. చెట్టు కింద చేపల ముళ్ళూ పాము ఎముకలూ పడి ఉంటాయి, కంపు.

దాన్ని ఇక్కడ గద్ద గూడు అంటారు. ఇంకేమంటారు? మీ దొరకి చెప్పు, మేం తల ఎత్తి చూస్తాం, అయితే చూసిన ప్రతిదానికీ పేరు పెట్టేంత తీరిక లేదని.

నా బడికి ఇప్పుడు పల్లె నుంచి పదకొండు మంది ఆడపిల్లలు వస్తున్నారు. ఆరుగురికి గుణింతం వచ్చేసింది. బావగారు గంగయ్యగారి నావకి అడుగుచెక్కలు మారుస్తున్నారు.

రూతు

*

రాజమహేంద్రవరం,
నవంబరు 27.

అక్కకు,

పన్నెండు మాటలూ దొరగారికి తెగ నచ్చాయి. మీ అక్కగారికి నా మర్యాదలు తెలియజెయ్యమన్నారు. తెలియజేశాను.

పదమూడోదాని దగ్గరే చిక్కొచ్చింది. నువ్వు రాసింది చదివి వినిపించాను. నావలవాళ్ళు దాన్ని చూసుకుని దారి తిప్పుతారన్న చోట ఆయన నన్ను ఆపి మళ్ళీ చదివించారు. "ప్రాణాలు దాని మీద పెట్టుకున్న మనుషులు దానికి ప్రత్యేకంగా పేరు పెట్టుకోకుండా ఉంటారా? ఉండే ఉంటుంది, నీకు దొరకలేదంతే," అన్నారు. నాకూ అలాగే అనిపించింది అక్కా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పన్నెండు మాటలకీ ఎవరన్నారో, ఎప్పుడంటారో వివరంగా రాసిన దానివి, దీనికి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. నీకు కోపం వస్తే వచ్చింది గానీ, నువ్వు ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు బెల్లం ఎక్కడ పెట్టావంటే కూడా ఇలాగే గట్టిగా మాట్లాడేదానివి.

బంగార్రాజు ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నాడు. నిన్న దొరగారు అతనికి కుర్చీ వేయించారు. నాకు వేయించడానికి మూడు నెలలు పట్టింది.

సామ్యేలు

*

మొగల్తూరు,
డిసెంబరు 8.

సామ్యేలుకు,

ఉంది. మాట ఉంది. నీకు అబద్ధం రాసి పంపిన దగ్గర్నుంచీ ఆ సంగతి గొంతులో చేప ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది, అందుకే ఒప్పుకుంటున్నాను. కానీ మాట నీకు చెప్పను. ఎందుకు చెప్పనో చెబుతాను, విని ఊరుకో.

మూడేళ్ళ కిందట మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో పల్లెవాళ్ళు నన్ను మిషను దొరసాని పంపిన మనిషి అని దూరంగా ఉంచేవారు. బడి తెరిచి ఐదు నెలలు ఖాళీ చాపలకి పాఠం చెప్పాను. ఇక్కడ ఒక కట్టుబాటుంది. నావ బాగుచేసిన వడ్రంగి, ఆ నావ మళ్ళీ మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళేప్పుడు తనూ ఎక్కాలి. తన పని మీద తనకి నమ్మకం ఉందో లేదో తేలాలిగా. అలా బావగారు గంగయ్యగారి నావలో వెళ్ళారు. సాయంత్రానికి రావాలి. గాలి తిరిగింది. మర్నాడూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం దాటినా రాలేదు.

నేను ఒడ్డుకి పరిగెత్తాను. పల్లె ఆడవాళ్ళు ఏడవడం లేదు. ఆ చెట్టు ముందు వరసగా సముద్రం కేసి నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఆ గూటి పేరు మెల్లిగా అంటున్నారు. నావ మీద చుక్కాని పట్టినవాడు గూడు కంటబడగానే ఆ మాట ఒక్కసారి అని నావ తిప్పుతాడట. నావ ఆలస్యమైతే ఒడ్డున ఆడవాళ్ళు అంటారు. ఇంటికి చేరడానికి తప్ప ఇంక దేనికీ ఆ మాట వాడరు. ఊరికే వాడితే అరిగిపోతుందని, అవసరానికి పనిచెయ్యదని వాళ్ళ నమ్మకం. మామూలప్పుడు గద్ద గూడనే అంటారు. కాబట్టి నీకు నేను రాసింది పూర్తి అబద్ధమేమీ కాదు.

గంగయ్యగారి తల్లి చిట్టెమ్మ నా చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. "నీ మొగుడూ అందులోనే ఉన్నాడు గదే. అను," అంది. నేను ప్రార్థన చేసుకుంటున్నానన్నాను. "అదీ చేసుకో, ఇదీ అను," అంది. అన్నాను. సువార్త చెప్పడానికి జీతం తీసుకునే మనిషిని, వాళ్ళతో పాటు ఇసకలో నిలబడి పదిసార్లన్నాను. పాదిరిగారికి ఇప్పటికీ చెప్పలేదు. పొద్దు వాలకముందే నావ వచ్చింది. ఆ వచ్చే సోమవారం చిట్టెమ్మ తన మనవరాలు లోవలక్ష్మినీ, ఇంకో ముగ్గురు పిల్లల్నీ తీసుకొచ్చి నా చాప మీద కూర్చోబెట్టి వెళ్ళింది. నా బడి అలా మొదలైంది.

ఆ మాట బయట అనవద్దని వాళ్ళు నన్ను ఒట్టు పెట్టమనలేదు. పెట్టించుకుని ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

ఇదంతా నీకొక్కడికే రాశాను. మాట ఉందన్న సంగతి కూడా మీ దొర చెవిన పడకూడదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు.

రూతు

*

రాజమహేంద్రవరం,
డిసెంబరు 20.

అక్కకు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. అది మాత్రం నువ్వు చెప్పినట్టే చేశాను.

నువ్వు కూర్చుని చదువు. సోమవారం దొరగారు బంగార్రాజు ఎదురుగానే నన్నడిగారు. "ఆ మొగల్తూరు పల్లెవాళ్ళకి మాట ఉందా, లేదా? లేదంటే ఏరీకి ఎదురుగా గూడు అని రాసి పేజీ తిప్పేస్తాను. ఒక్క ముక్క చెప్పు," అన్నారు. లేదు అనడానికే నోరు తెరిచాను. బంగార్రాజు చిన్నగా నవ్వాడు. ఉందండి అనేశాను.

ఉందన్నాక ఏమిటది అని అడగరా? అడిగారు. నాకు నీ మాట తెలియదు గదా. నోటికి 'గద్దమంచె' అని వచ్చింది. పుల్లలు పేర్చిన మంచెలాగానే ఉంటుంది గదా, పైన కూర్చుని కాపలా కాస్తుంది గదా అని. దొరగారు ఆ మాటని రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు. నేను చేరాక మొదటిసారి నా భుజం తట్టారు. 'గద్దమంచె, మొగల్తూరు సముద్రతీరపు పల్లెవాసుల మాట' అని స్వహస్తంతో రాసుకున్నారు. బంగార్రాజు మళ్ళీ రాలేదు.

నేను చేసింది తప్పే. కానీ ఒక సంగతి ఆలోచించు. నీ మాట నీ దగ్గరే భద్రంగా ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధమని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి. దొరగారు జనవరిలో నరసాపురం మకాం వస్తున్నారు. అక్కణ్ణుంచి మొగల్తూరు వచ్చి ఆ గూడు చూసి, మాట వాళ్ళ నోటనే వింటారట.

సామ్యేలు

*

మొగల్తూరు,
డిసెంబరు 29.

సామ్యేలుకు,

మంచె చేలో ఉంటుందిరా. సముద్రపొడ్డున మంచె ఏమిటి, గద్ద అక్కడ జొన్నలు కాస్తోందా?

నీ ఉత్తరం బావగారికి చదివి వినిపించాను. ఆయన చిత్రిక ఆపి, "వీడు ఒక చెక్క విరగ్గొట్టి, దాని మీద రంగు వేసి తెచ్చాడు," అన్నారు. ఆయన తిట్టరు గదా, ఆ పని నాకే వదిలేస్తారు.

మాట ఉందన్న సంగతే చెప్పవద్దన్నాను. ముందు అదే చెప్పావు. తర్వాత చెప్పింది అబద్ధమైతే ఏం, నిజమైతే ఏం. దొర వచ్చి అడిగితే పల్లెవాళ్ళు నా ముఖం చూస్తారు. లోకంలో ఇంతమంది ఉండగా వాళ్ళ గూటి పేరు అడగాలని ఆ దొరకి ఎలా తోచిందంటే ఏం చెప్పను? మా తమ్ముడి కుర్చీ కోసమని చెప్పనా?

నేను వాళ్ళ మాటా చెప్పను, నీ మాటా నిలబెట్టను. నన్నడిగితే నిజమే చెబుతాను.

రూతు

*

రాజమహేంద్రవరం,
1887 జనవరి 10.

అక్కకు,

దొరగారు 18న కాలవ పడవలో బయల్దేరుతున్నారు. నేనూ వస్తానని బతిమాలాను. ఇంగ్లీషు 'ఏ' అక్షరం మాటలన్నీ శుద్ధప్రతి రాసి ఉంచమని నన్ను ఇక్కడే ఉంచేశారు.

నువ్వు నిజం చెబితే నా పని ఆ రోజుతో సరి. అబద్ధపు మాట పుస్తకంలో ఎక్కించిన మున్షీని ఇంకే దొరా చేర్చుకోడు, ఏ బడీ పిలవదు. ప్రసన్నకుమారికి ఇదేమీ తెలియదు. ఆవిడకి మళ్ళీ నెల తప్పింది.

నిన్ను అబద్ధమాడమనను. ఆ రోజు నువ్వు అక్కడ లేకుండా ఉంటే చాలు. నరసాపురంలో ఏదైనా పని పెట్టుకో. అమ్మ పోయాక నేను నిన్ను అడిగిన వాటిల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు.

సామ్యేలు

*

మొగల్తూరు,
జనవరి 26.

సామ్యేలుకు,

నరసాపురం వెళ్ళలేదు. నా బడి పిల్లల ఇళ్ళకి దొర వస్తుంటే నేను ఊళ్ళో లేకుండా పోతే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది.

మీ దొర మంచివాడే. ఎర్రగా, పొడుగ్గా, ఎండకి కమిలిపోయి ఉన్నాడు. గుర్రం ఇసకలో దిగబడితే దిగి నడిచాడు. చెట్టు దగ్గరికి వచ్చి ఒక అరగంట దుర్భిణిలోంచి గూడు చూశాడు. పైన రెండు పిల్లలున్నాయి. తల్లి పామును పట్టుకొచ్చి చీల్చి పెడుతుంటే, ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాడు. నాకు కూడా దుర్భిణి ఇచ్చాడు. మూడేళ్ళుగా కింద నుంచి చూస్తున్నాను, వాటి కళ్ళు పసుపని నాకు తెలియదు.

అప్పటికి పల్లె పల్లెంతా చేరింది. దొర పుస్తకాల తెలుగులో, "అయ్యా, ఆ యెత్తైన గూటిని మీరేమందురు?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. గంగయ్యగారు నేల చూపులు చూస్తున్నారు. చిట్టెమ్మ మాత్రం తిన్నగా నన్నే చూస్తోంది.

నేను చెప్పేద్దామనే అనుకున్నాను. దొరగారూ, ఆ మాట మా తమ్ముడు కల్పించింది, వీళ్ళ మాట వేరే ఉంది, అది మీరు అడగకూడదు, వాళ్ళు చెప్పకూడదు అని. నీ కడుపు మీద కొట్టినా సరే అనుకునే నోరు తెరిచాను. ఈలోపల ఆయనే జేబులోంచి పుస్తకం తీసి, వేలు పెట్టి చదివాడు. "గద్దమంచె అందురని వింటిని. నిజమేనా?"

గంగయ్యగారు తల ఎత్తారు. చిట్టెమ్మ కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూశారు. "అవునండి. గద్దమంచేనండి. మా తాతల కాణ్ణుంచీ అంతేనండి," అన్నారు.

ఇంక చూడు. అప్పటిదాకా నోట మాట లేని జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి సాక్ష్యం చెప్పారు. చిన్న గద్దదైతే చిట్టిమంచె అంటామండి అన్నాడొకడు. గుడ్లుంటే నిండుమంచె, లేకపోతే వట్టిమంచె అండి అన్నాడింకొకడు. ఒక ముసలాయన, పూర్వం రాజులు దాని కింద నుంచుని గద్దమంచెకి మొక్కేవారండి అన్నాడు. ఆయన జన్మలో ఆ మాట వినలేదు. దొర చెమటలు కక్కుతూ అన్నీ రాసుకున్నాడు. పిల్లలకి తలో బిస్కత్తూ ఇచ్చి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నీకోసం మూసుకున్నానో, వాళ్ళకోసమో, నా బడి కోసమో నాకే తెలియదు. నిజం చెబుతానని నీకు గొప్పగా రాసిన దాన్ని, మాట్లాడకుండా నిలబడ్డాను.

నీ ఉద్యోగం వాళ్ళు నిలబెట్టారు. నువ్వు వాళ్ళకి బాకీ పడ్డావు. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు నాతో ఎవరూ మాట్లాడలేదు. ఎండ వల్ల అనుకున్నాను.

రూతు

*

రాజమహేంద్రవరం,
ఫిబ్రవరి 4.

అక్కకు,

నా ఉద్యోగం ఖాయమైంది. చిట్టిమంచె, నిండుమంచె, వట్టిమంచె మూడూ పుస్తకంలో ఎక్కాయి. ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట మీకు నాలుగున్నాయి సామ్యేలూ అని దొరగారు పొంగిపోతున్నారు. గంగయ్యగారి నోట్లో పంచదార పొయ్యాలి.

నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నువ్వు నిజం చెప్పేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఇష్టం లేదు. అయినా చూశావా, ఎవరికీ నష్టం లేదన్నాను, అలాగే అయింది. వాళ్ళ మాట వాళ్ళకి దక్కింది, నా పని నాకు దక్కింది, నీ బడి నీకుంది.

పిల్లలకి పదకొండు పలకలు పడవ మీద పంపుతున్నాను. ప్రసన్నకుమారి నీకు వందనాలు చెప్పమంది.

సామ్యేలు

*

మొగల్తూరు,
ఫిబ్రవరి 20.

సామ్యేలుకు,

పలకలు అందాయి. ఒకటి విరిగింది. బావగారు అతికారు.

బడికి పదకొండు మందీ వస్తున్నారు. ఒక్కరూ మానలేదు. చిట్టెమ్మ ఎప్పటిలాగే చేపల గంప మా గుమ్మంలో దించి, ఎప్పటిలాగే రెండు ఎక్కువ వేసి వెళుతోంది. అందువల్ల నాకు తెలుసుకోవడానికి పది రోజులు పట్టింది.

ఆవిడ మూడేళ్ళుగా నన్ను ఏమే అనే పిలిచేది. 'ఏమే రూతమ్మా, బతికున్నావా,' అంటూ వచ్చేది. ఇప్పుడు 'ఏమండీ' అంటోంది. మొదట్లో తమాషాకి అంటోందనుకున్నాను. తర్వాత చూస్తే లోవలక్ష్మి తల్లీ అండీ అంటోంది, గంగయ్యగారి పెళ్ళామూ అండీ అంటోంది. మొన్న శనివారం ఉండబట్టలేక పల్లెకి వెళ్ళాను. వెళ్ళగానే పీట వేశారు. ఎప్పుడూ వెయ్యలేదు, నేలమీదే కూర్చునేదాన్ని.

"చిట్టెమ్మా, ఆ మాట నేనెవరికీ చెప్పలేదు," అన్నాను.

"తెలుసండి," అంది, వల అల్లుకుంటూనే. "చెప్పుంటే దొర పుస్తకంలో అదే ఉండేది గదండి. మీరు మాట చెప్పలేదండి. మాట ఉందని చెప్పారండి."

నువ్వు చదువుకున్నవాడివి, దానికి జవాబు నీ దగ్గరుంటే రాసి పంపు.

తమ్ముడి ఉద్యోగం సంగతి చెప్పాను. నీ పెళ్ళాం కడుపుతో ఉందని కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "పోన్లెండి, ఆ బాబు పని నిలబడింది గదండి. గంగయ్య మీ ముఖం చూసే చెప్పాడండి. మీరు మంచోరండి, పిల్లలకి అక్షరాలొస్తున్నాయండి," అంది. కోపం ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. కోపం లేదు.

"ఈసారి నావ ఆలస్యమైతే నేనూ వచ్చి మీతో నిలబడతాను," అన్నాను.

"మీకెందుకండి ఆ ఎండలో. మేం కబురు పంపుతామండి," అంది.

లేచాను. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, నేను అడగకుండానే ఆవిడే చెప్పింది. "ఆ పాత మాట అరిగిపోయిందండి. బయటోళ్ళు దాన్ని వెతుక్కుంటూ వచ్చాక ఇంక పనిచెయ్యదండి. వేరేది పెట్టుకున్నాం." ఏమిటని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. దోవలో లోవలక్ష్మి ఎదురైతే, చెట్టు మీద గూడు చూపించి అదేమిటే అన్నాను. ఆ పిల్ల చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు, "గద్దమంచె అండి," అంది.

ఎవరికీ నష్టం లేదని ఇంకెప్పుడూ నాకు రాయకు.

వాళ్ళు వదిలేసిన ఆ పాత మాట నాకొక్కదానికే మిగిలింది. ఇప్పుడది నీకు రాసి పంపినా తప్పు లేదు, మీ దొర పుస్తకంలో నిజమైన మాట ఒకటుంటుంది. ఆ పనికే కలం ముంచి ఇందాకటి నుంచీ కూర్చున్నాను. నా చేత రాయించకు తమ్ముడూ. వాళ్ళు నన్ను 'ఏమే' అన్న రోజుల్లో నాకిచ్చింది అదొక్కటే.

రూతు